రాజుపై కత్తి దూసిన సేనాని రాజుల సమాధుల మధ్యకు ఎలా చేరాడు? ట్యురెన్ జీవితంపై రెండు సందేహాలు

ప్రశ్న (పఠనాసక్తి)

పదిహేడవ శతాబ్దపు యూరప్ యుద్ధాల గురించి కొన్ని నెలలుగా చదువుతున్నాను. ముప్పై ఏళ్ల యుద్ధం చివరి దశ మొదలుకొని పద్నాలుగవ లూయీ హాలండ్ మీదికి దండెత్తిన కాలం వరకు ఏ పుట తిప్పినా ఫ్రెంచ్ మార్షల్ ట్యురెన్ పేరు కనిపిస్తోంది. ఈయన పూర్తి పేరు ఆన్రీ ద లా తూర్ దోవెర్న్. 1611లో సెడాన్‌లో పుట్టి, 1675లో యుద్ధభూమిలోనే మరణించాడు. నెపోలియన్ అంతటివాడు ఈయనను ఆదర్శంగా భావించాడని కూడా చదివాను.

నాకు రెండు విషయాలు కొరుకుడుపడలేదు. 1650లో ఈయన స్పెయిన్‌తో చేతులు కలిపి, తన రాజు సైన్యం మీదే యుద్ధం చేశాడు. అది కూడా ఫ్రాన్స్, స్పెయిన్ యుద్ధంలో ఉన్న రోజుల్లో. అటువంటివాడికి రెండేళ్లు తిరగకముందే రాజు తన సైన్యాన్ని ఎలా అప్పగించాడు? చనిపోయాక ఫ్రెంచ్ రాజులను పూడ్చే సాంద్నీ మఠంలో చోటెలా దొరికింది? రెండవది, 1674–75 శీతకాలంలో ఆయన నడిపిన దండయాత్రను అందరూ ఆకాశానికెత్తుతారు. కానీ ట్యుర్క్‌హైమ్ యుద్ధాన్ని చూస్తే అక్కడ పెద్దగా రక్తపాతం జరిగినట్టు లేదు, శత్రుసైన్యం నాశనమూ కాలేదు. మరి అందులోని గొప్పతనం ఏమిటి? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం (కోటగుమ్మం)

మీ మొదటి ప్రశ్నకు జవాబు ట్యురెన్ పుట్టిన ఊరిలోనే ఉంది. సెడాన్ ఈనాడు ఫ్రాన్స్‌లో ఒక పట్టణం. 1611లో అది ఫ్రెంచ్ రాజ్యంలో భాగం కాదు. మ్యూజ్ నది ఒడ్డున పెద్ద కోటతో, తన సొంత చట్టాలతో, సొంత నాణేలతో ఉన్న చిన్న స్వతంత్ర సంస్థానం. ట్యురెన్ తండ్రి బుయోన్ డ్యూక్ దానికి ఏలిక. తల్లి ఎలిజబెత్, స్పెయిన్‌పై డచ్చివారి తిరుగుబాటును నడిపిన ఆరెంజ్ ప్రభువు విలియం కూతురు. అంటే ట్యురెన్ పుట్టుకతో ఫ్రెంచ్ రాజుకు కేవలం ఒక ప్రజ కాదు. ఏలుబడి చేసే ఇంటి బిడ్డ. పైగా కాల్విన్ మతస్థుడు, అంటే ప్రొటెస్టెంటు. పన్నెండేళ్లయినా నిండకముందే తండ్రి పోయాడు. కొద్దికాలానికి తల్లి అతన్ని మేనమామ మారిస్ దగ్గరకు, హాలండ్‌కు పంపింది. ఆనాటి యూరప్‌లో యుద్ధవిద్యకు డచ్చి సైన్యాన్ని మించిన బడి లేదు. మారిస్ 1625లోనే చనిపోయినా, అతని తమ్ముడు ఫ్రెడరిక్ హెన్రీ కింద ముట్టడి పనులు, కందకాలు, జీతాల లెక్కలు అన్నీ ట్యురెన్ దగ్గరుండి నేర్చుకున్నాడు. 1630లో ఫ్రెంచ్ కొలువులో చేరాడు. సెడాన్ విధేయతకు అతను ఒక రకంగా హామీ అన్న సంగతి తల్లికీ తెలుసు, మంత్రి రిషెల్యూకీ తెలుసు.

అతను రెండవ కొడుకు. సంస్థానం అన్న ఫ్రెడరిక్ మారిస్‌ది. 1642లో రిషెల్యూపై సాగిన కుట్రలో ఆ అన్న పట్టుబడ్డాడు. మరణశిక్ష తప్పించుకోవడానికి సెడాన్‌ను ఫ్రెంచ్ రాజుకు అప్పగించవలసి వచ్చింది. తమ్ముడు రాజు తరఫున యుద్ధాలు గెలుస్తూ 1643లో మార్షల్ అయ్యాడు. ఇంటికి మాత్రం సంస్థానమే పోయింది. ఆ కుటుంబానికి అది మానని గాయం. ఇచ్చిన కోటకు బదులుగా రావలసిన భూముల కోసం వారు ఏళ్ల తరబడి ఎదురుచూశారు.

1648లో రాజు ఇంకా బాలుడు, పెత్తనం మంత్రి మజరాన్ చేతిలో ఉండగా ఫ్రోండ్ అనే అంతర్యుద్ధం మొదలైంది. ఆ మరుసటి ఏడాదే ట్యురెన్ జర్మనీలోని తన సైన్యాన్ని మజరాన్‌కు వ్యతిరేకంగా నడిపించబోయాడు. మజరాన్ అతనికంటే ముందే మేల్కొన్నాడు. బ్యాంకరు హెర్వార్ట్ చేత సైనికుల జీతం బకాయిలు చెల్లించేలా చేశాడు. దాంతో సైన్యం ట్యురెన్ వెంట నడవలేదు. కొద్దిమంది తోడుగా అతను హాలండ్‌కు పారిపోవలసి వచ్చింది. అంత పేరున్న సేనాని ఒక్క గుండైనా పేలకుండా, జీతాల దగ్గర ఓడిపోయాడు! అతని జీవితంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసిన ఘట్టం ఇదే. ఆ సైన్యాలు దేశానికి చెందినవని మనం అనుకుంటాం. అవి నెలనెలా జీతమిచ్చే చేతికి చెందినవి.

1650 జనవరిలో మజరాన్, రాజుకు బంధువూ పేరున్న సేనానీ అయిన కోందే ప్రభువును బంధించాడు. ట్యురెన్ స్టెనే కోటకు వెళ్లి, కోందే అక్క లాంగ్‌విల్ డచెస్‌తో కలిసి స్పెయిన్‌తో ఒప్పందం చేసుకున్నాడు. ఆమెపై మోహంతోనే ఆ పని చేశాడని ఆనాటివారు గట్టిగా నమ్మారు. అది నిజమే అయినా, ఇంటి అప్పు తీరలేదన్న కోపం లేకపోతే ఆ మోహం ఒక్కటే అతన్ని అంత దూరం తీసుకువెళ్లి ఉండేది కాదని నేను అనుకుంటాను. ఆ డిసెంబరు 15న రెతెల్ దగ్గర రాజసైన్యం అతన్ని చిత్తుగా ఓడించింది.

ఇప్పుడు తేదీలు చూడండి. సెడాన్‌కు బదులుగా షాతో-తియెరీ, అల్బ్రే వంటి భూములను బుయోన్ ఇంటికి ఇస్తూ 1651 మార్చిలో ఒప్పందం కుదిరింది. కొద్ది నెలల్లోనే ట్యురెన్ పారిస్‌కు తిరిగివచ్చాడు. అదే ఏడాది కోందే మళ్లీ తిరగబడినప్పుడు అన్నదమ్ములిద్దరూ అతనితో వెళ్లలేదు. 1652 ఏప్రిల్‌లో బ్లెనో దగ్గర, తనకు మూడు రెట్లున్న కోందే సైన్యానికి అడవికీ చిత్తడికీ మధ్య ఉన్న ఇరుకు దారిలో అడ్డునిలిచి, జియాన్ పట్టణంలో ఉన్న పదమూడేళ్ల రాజు పట్టుబడకుండా కాపాడినవాడు ట్యురెనే. ఆ పూట దారి తెరుచుకుని ఉంటే రాజూ రాజమాతా కోందే చేతికి చిక్కేవారు. లూయీ దాన్ని జీవితాంతం మరచిపోలేదు. ఆ తరం ప్రభువులు ముందు ఇంటి గౌరవం చూసుకునేవారు, తరువాతే రాజు. దేశద్రోహం అనే మాటకు మనమిచ్చే బరువు ఆ రోజుల్లో లేదు. మొండికేసిన సామంతుణ్ణి కొని, క్షమించి, వాడుకోవడం రాజులకు మామూలు విషయం. కోందే కూడా 1659 సంధి తరువాత క్షమాపణ పొందినవాడే కదా.

సమాధానం (దండుబాట)

పై సమాధానంతో ఏకీభవిస్తూ, మీ రెండవ ప్రశ్నకు వస్తాను. ట్యుర్క్‌హైమ్‌ను అర్థం చేసుకోవాలంటే ముప్పై ఏళ్లు వెనక్కి, 1645 మే నెలలో జరిగిన మెర్గెంట్‌హైమ్ పరాజయం దగ్గరకు వెళ్లాలి.

ఆ వసంతంలో ట్యురెన్ రైన్ దాటి జర్మనీ లోపలికి చాలా దూరం వెళ్లాడు. గుర్రాలు శీతకాలమంతా సరైన మేత లేక బక్కచిక్కి ఉన్నాయి. అశ్వికదళ నాయకులు ఊళ్లలోకి విడివిడిగా వెళ్లి గడ్డి మేపుకుంటామని అడిగారు. ట్యురెన్ ఒప్పుకున్నాడు. బవేరియా సేనాని మెర్సీ అది పసిగట్టి, వేగంగా నడిచివచ్చి, దళాలన్నీ ఒకచోటికి చేరకముందే మీదపడ్డాడు. ఫ్రెంచ్ కాల్బలం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ట్యురెన్ మిగిలిన గుర్రపు దళాలతో హెస్సె వైపు తప్పించుకున్నాడు. 1643 నుంచి 1658 వరకు సాగిన యుద్ధాలపై అతను స్వయంగా రాసుకున్న జ్ఞాపకాలు ఉన్నాయి. ఈ ఓటమికి తన నిర్ణయమే కారణమని అందులో దాచకుండా ఒప్పుకున్నాడు.

ఒక్క గుర్రానికి రోజుకు ఎంత మేత కావాలో ఊహించండి. పదివేల గుర్రాలను చలికాలంలో ఒకేచోట నిలిపితే నాలుగు రోజుల్లో ఆ చుట్టుపక్కల గడ్డిపోచ మిగలదు. అందుకే నవంబరు వచ్చేసరికి సైన్యాలు ఊళ్లలోకి చెదిరిపోయి, వసంతంలో పచ్చిక మొలిచేదాకా కదిలేవి కావు. దీన్ని శీతకాలపు విడిది అనేవారు. చెదిరి ఉన్న సైన్యం ఎంత బలహీనమో ట్యురెన్‌కు మెర్గెంట్‌హైమ్ నేర్పింది. బ్లెనోలో కోందే మొదట మీదపడింది కూడా ఇలా చెదిరి ఉన్న రాజపక్షపు ఒకింకూర్ మార్షల్ విడిదుల మీదే. అంటే ఈ పాఠాన్ని అతను రెండుసార్లు కళ్లారా చూశాడు.

ఇక 1674కు వద్దాం. అక్టోబరు 4న స్ట్రాస్‌బుర్గ్ దగ్గర ఎన్‌జ్‌హైమ్‌లో, తనకన్నా పెద్దదైన జర్మన్ (పవిత్ర రోమన్) చక్రవర్తి సైన్యంతో ట్యురెన్ రోజంతా వానలో పోరాడాడు. తేలింది తక్కువ, చచ్చినవారు ఎక్కువ. (ఆనాడు అతని కింద ఇంగ్లీషు పటాలంతో పోరాడిన యువకుడు జాన్ చర్చిల్, తరువాతి కాలంలో మార్ల్‌బరో డ్యూక్‌గా ఫ్రెంచ్ సైన్యాలకే కంట్లో నలుసయ్యాడు.) కొద్దిరోజులకు బ్రాండెన్‌బుర్గ్ ఎలెక్టర్ (చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న ప్రభువు) కూడా తన సేనతో వచ్చి కలవడంతో శత్రువుల సంఖ్య 50 వేలు దాటింది. ట్యురెన్ ఉత్తరానికి జరిగాడు. చలి ముదిరాక, ఫ్రాన్స్‌కు వ్యతిరేకంగా ఏకమైన ఈ మిత్రపక్షాల సైన్యాలు దక్షిణ అల్సాస్‌లో, కోల్మార్ చుట్టుపక్కల ఊళ్లలో హాయిగా విడిది చేశాయి. ట్యురెన్ కూడా వోజ్ పర్వతాలు దాటి లొరేన్‌లోకి వెళ్లిపోయాడు. చూసేవారికి అది ఆ ఏటి యుద్ధం ముగిసినట్టే.

అసలు నడక అప్పుడు మొదలైంది. పర్వతాలకు పడమటి వైపున, శత్రువు కంటికి ఆనకుండా, డిసెంబరు మంచులో ఎపినాల్, రెమిర్‌మోన్ మీదుగా దక్షిణానికి సైన్యాన్ని నడిపాడు. ఒకే దారిలో వెళితే మేతా చాలదు, వార్తా పొక్కుతుంది. అందుకే సైన్యాన్ని చిన్న చిన్న జట్లుగా విడగొట్టి వేర్వేరు దారుల్లో పంపి, అందరూ బెల్ఫోర్ దగ్గర కలవాలని చెప్పాడు. డిసెంబరు చివరి వారంలో అక్కడ కలిశారు. తనను 1645లో ముంచిన చెదరడాన్నే ఈసారి ఆయుధంగా మార్చుకున్నాడు. డిసెంబరు 29న మ్యులూజ్ దగ్గర శత్రు అశ్వికదళాన్ని తరిమికొట్టాడు. ఉత్తరాన ఉన్నాడనో, లొరేన్‌లో నిద్రపోతున్నాడనో అనుకున్నవాడు దక్షిణం నుంచి ఊడిపడేసరికి మిత్రపక్షాల విడిదులు కకావికలయ్యాయి.

1675 జనవరి 5న కోల్మార్, ట్యుర్క్‌హైమ్ పట్టణాల మధ్య శత్రువు బారులుతీరి నిలిచాడు. ట్యురెన్ ఎదుట కొంత సైన్యాన్ని చూపించి, తాను మిగిలినవారితో ఎడమకు, కొండల అంచు పట్టుకుని ట్యుర్క్‌హైమ్ వైపు నడిచాడు. శత్రువు కుడిపక్కకు ఆ చిన్న ఊరే ఆధారం. దాన్ని గట్టిగా పట్టుకోకుండా వదిలేశారు. పొరపాటు తెలిసి వారు పరుగున వచ్చేసరికి పోరు ఫెక్ట్ ఏటి ఒడ్డున ఉన్న ఒక మర దగ్గర కేంద్రీకృతమైంది. ఆ పిండిమర చుట్టూ సాయంకాలం చీకటి పడేదాకా తుపాకుల పోరు సాగింది. ఫ్రెంచ్ సేనానుల్లో ఫూకో అక్కడే నేలకూలాడు. రాత్రి శత్రుసైన్యం స్ట్రాస్‌బుర్గ్ వైపు జారుకుని, కొద్దిరోజుల్లో రైన్ దాటి వెళ్లిపోయింది.

చచ్చినవారిని లెక్కపెడితే ఇది చిన్న యుద్ధమే. కానీ అల్సాస్ మొత్తం ఖాళీ అయింది. వసంతంలో ఫ్రాన్స్ లోపలికి దూకవలసిన సైన్యం తిండి, విడిది రెండూ పోగొట్టుకుని నది ఆవలికి చేరింది. గెలుపు మర దగ్గర కాదు, డిసెంబరు నడకలో ఉందని నా అభిప్రాయం. వెనక్కి తగ్గమని యుద్ధమంత్రి లూవ్వా ఒత్తిడి చేసిన శరదృతువులో, ఇక్కడే ఉంటానని రాజును ఒప్పించుకున్న మొండితనం కూడా ఆ గెలుపులో భాగమే. అప్పటికి ట్యురెన్ వయసు అరవై మూడు. వయసుతోపాటు అతని సాహసం పెరిగిందని నెపోలియన్ మెచ్చుకున్నది ఈ కారణంగానే.

సమాధానం (నదిఒడ్డు)

రెండు సమాధానాలూ చక్కగా ఉన్నాయి. అయితే అదే 1674 వేసవిని దాటవేసి డిసెంబరుకు వెళ్లడం నాకు బాధ కలిగించింది. జూన్‌లో సిన్స్‌హైమ్ దగ్గర గెలిచాక, జూలైలో ట్యురెన్ సైన్యం రైన్ ఒడ్డున ఉన్న పలాటినేట్ అనే జర్మన్ సంస్థానంలో మకాం వేసింది. శత్రువుకు తినడానికి ఏమీ మిగలకూడదన్నది లెక్క. పంటలు కోసుకున్నారు, పశువులను తోలుకుపోయారు. కడుపుమండిన రైతులు విడిగా చిక్కిన సైనికులను చంపారు, శవాలను చిత్రవధ చేశారు. దానికి ప్రతీకారంగా సైనికులు ఊళ్లకు ఊళ్లు తగలబెట్టారు.

ఆ దేశపు ఏలిక కార్ల్ లుడ్విగ్, తన కోట మీది నుంచి ఆ మంటలు చూసి భరించలేక, ట్యురెన్‌ను ద్వంద్వయుద్ధానికి పిలుస్తూ లేఖ రాశాడు. ఆ తగలబెట్టడం తన ఆజ్ఞతో జరగలేదని, తోటివారి శవాలను చూసిన సైనికులే ఆ పని చేశారని ట్యురెన్ మర్యాదగా బదులిచ్చి, ద్వంద్వానికి ఒప్పుకోలేదు. ఇందులో గుండె పిండే సంగతి ఒకటుంది. కార్ల్ లుడ్విగ్ తండ్రి ఐదవ ఫ్రెడరిక్, ట్యురెన్ పెద్దమ్మ కొడుకు. చిన్నతనంలో చదువుకున్నది సెడాన్‌లో, ట్యురెన్ తండ్రి పెంపకంలోనే. అన్న వరసయ్యేవాడి కొడుకు రాజ్యం ట్యురెన్ సైన్యం చేతిలో బూడిదైంది.

ఆజ్ఞ ఇవ్వలేదన్న మాటను నేను నమ్ముతాను. కానీ ఒక దేశాన్ని ఊడ్చి తినమని సైన్యాన్ని వదిలాక, మంటలకు ఆజ్ఞ విడిగా ఇవ్వనక్కరలేదు. ట్యుర్క్‌హైమ్ గెలిచిన తరువాత ఆ చిన్న పట్టణాన్ని కూడా ఫ్రెంచ్ సైనికులు దోచుకున్నారు. తన సైనికుల ప్రాణాలను ఎంతో పొదుపుగా వాడినవాడని ట్యురెన్‌ను పొగుడుతారు, అది నిజం. ఆ పొదుపు ఖర్చును భరించింది ఎవరన్నది కూడా రాయాలి.

ఒక సవరణ కూడా అవసరం. హైడెల్‌బర్గ్ కోటను కూల్చడం, మాన్‌హైమ్, స్పేయర్ నగరాలను తగలబెట్టడం చాలామంది ట్యురెన్ ఖాతాలో వేస్తారు. అవి 1689 నాటివి. అప్పటికి అతను చనిపోయి పద్నాలుగేళ్లు.

ప్రశ్నించినవారి స్పందన (పఠనాసక్తి)

ముగ్గురికీ ధన్యవాదాలు. సెడాన్ భూముల సంగతి తెలిశాక 1650–52 మధ్య జరిగినదంతా ఒక వరుసలోకి వచ్చింది. పలాటినేట్ విషయంలో నేను చదివిన పుస్తకం రెండు విధ్వంసాలనూ కలిపేసినట్టుంది, సవరించినందుకు కృతజ్ఞతలు. ఒక్క చిన్న అనుబంధ ప్రశ్న. కాల్విన్ మతస్థుడైన వ్యక్తికి కాథలిక్ రాజుల మఠంలో సమాధి ఎలా కుదిరింది? మరణం గురించి కూడా ఎవరైనా చెబితే సంతోషిస్తాను.

సమాధానం (కోటగుమ్మం)

చనిపోయేనాటికి ఆయన కాథలిక్కే. 1660లో రాజు అతనికి మార్షల్ జనరల్ అనే అరుదైన పదవి ఇచ్చాడు. మతం మారితే అంతకన్నా పెద్దదైన కానిస్టేబుల్ (మొత్తం సైన్యానికి అధిపతి) పదవిని అతని కోసం తిరిగి పుట్టిస్తామన్నారని, అతను ఒప్పుకోలేదని చెబుతారు. ప్రొటెస్టెంటు అయిన భార్య షార్లెట్ 1666లో మరణించింది. రెండేళ్ల తరువాత, 1668లో, బిషప్ బొస్యుయే ప్రభావంతో మతం మారాడు. ఆశపెట్టినప్పుడు మారనివాడు, ఆశించడానికి ఏమీ మిగలని రోజుల్లో మారాడు కాబట్టి, అది మనస్ఫూర్తిగా చేసిన పనేనని నాకనిపిస్తుంది.

1675 వేసవిలో అతనికి ఎదురునిలిచినవాడు చక్రవర్తి సేనాని మోంటెకుకోలి. 1648లో జుస్మార్స్‌హౌజెన్ దగ్గర ట్యురెన్ తరుముతుంటే ఓడిన సైన్యానికి వెనుక కాపు కాసింది, 1673లో ట్యురెన్‌ను ఏమార్చి బాన్ నగరాన్ని పట్టుకున్న సైన్యంతో కలిసింది ఇతనే. రైన్ తూర్పు ఒడ్డున వారాల తరబడి ఇద్దరూ ఒకరి ఎత్తును ఒకరు చిత్తు చేసుకుంటూ గడిపారు. చివరికి జూలై 27న సాస్‌బాఖ్ దగ్గర శత్రువును తనకు నచ్చిన చోట చిక్కించుకున్నానని ట్యురెన్ భావించాడు. ఫిరంగిదళ అధిపతి సాంతిలేర్ ఒక చోటును చూపించడానికి చెయ్యి చాచాడు. అటునుంచి వచ్చిన ఒకే ఒక్క గుండు ఆ చేతిని తెంచుకుంటూ వెళ్లి ట్యురెన్‌కు తగిలింది. గుర్రం మీదే ప్రాణం పోయింది. పక్కన ఏడుస్తున్న కొడుకుతో సాంతిలేర్, ఏడవవలసింది నా కోసం కాదు, ఆ మహానుభావుడి కోసం అన్నాడట. సైన్యం బెదరకుండా శవం మీద అంగీ కప్పారని ఆనాటి లేఖారచయిత్రి మదాం ద సెవిన్యే లేఖల్లో ఉంది. వార్త విన్న మోంటెకుకోలి, మానవజాతికే వన్నె తెచ్చిన మనిషి పోయాడని అన్నట్టు చెబుతారు.

సేనాని లేని ఫ్రెంచ్ సైన్యం నది దాటి వెనక్కి వచ్చేసింది. రాజు వెంటనే ఎనిమిదిమందిని కొత్తగా మార్షళ్లను చేశాడు. ఆ ఎనిమిదిమందీ ట్యురెన్ అనే పెద్ద నాణేనికి వచ్చిన చిల్లర అని పారిస్‌లో చెప్పుకున్నారు. సాంద్నీలో సమాధికి ఆజ్ఞ రాజుదే.

అక్కడా అతను నిలకడగా ఉండలేదు. 1793 అక్టోబరులో విప్లవకారులు ఆ మఠంలోని రాజుల గోరీలను తవ్వినప్పుడు మొదట తెరిచింది ట్యురెన్ పెట్టెనే. నూటపద్దెనిమిదేళ్ల తరువాత కూడా ముఖం గుర్తుపట్టేలా, దేహం ఎండి, చెడకుండా ఉంది. రాజుల ఎముకలను గోతిలో కలిపేసి సున్నం పోసినవారు దీన్ని మాత్రం గోతిలో పడేయలేదు. కొంతకాలం అక్కడి కాపలావాడి దగ్గర ఒక పెట్టెలో ఉంచారు. తరువాత పారిస్‌లోని వృక్షశాస్త్ర ఉద్యానానికి, ఆపైన కళాఖండాల మ్యూజియానికి తరలించారు. 1800 సెప్టెంబరులో నెపోలియన్ దాన్ని సైనిక లాంఛనాలతో పారిస్‌లోని ఇన్వాలీడ్ అనే సైనిక భవనానికి చేర్పించాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.